చీర కట్టుకోలేని డేరా మనకెందుకు?

తిరునాళ్ళకు డేరా కొనాలంటే ఎలాంటిది కొనాలో తేల్చేది మన ఇళ్ళలో మగవాళ్ళు. అందులో రాత్రి నాలుగైదు గంటలు పడుకునేదీ వాళ్ళే. తెల్లవారుజామున లేచి రాత్రి గిన్నెలు బోర్లించేదాకా దాని చుట్టూ తిరుగుతూ పని చేసేది మనం. అందుకని డేరా ఎంచుకోవాల్సింది మనమే అంటాను. ఈ మాట మెత్తగా రెండు మూడేళ్ళు చెప్పి చూశాను. ఎవరి చెవికీ ఎక్కలేదు. ఈసారి గట్టిగానే రాస్తున్నాను, మా ఇంట్లో వాళ్ళు చదివినా సరే.

మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, దూరాన ఉండి చదివేవాళ్ళ కోసం ఒక ముక్క. ఇటు జగ్గయ్యపేట మా అత్తవారి ఊరు, అటు నందిగామ మా పుట్టింటి ఊరు. రెంటికీ దగ్గర్లోనే మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు, అక్కడ తిరుపతమ్మ తల్లి గుడి. మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్ళు, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ళు. (2022లో జిల్లాలు విడదీశాక మాది ఎన్టీఆర్ జిల్లా అయింది. నా నోటికి ఇంకా అలవాటు కాలేదు, కృష్ణా జిల్లా అనే వస్తుంది.) తెలంగాణ వైపు నుంచి కూడా జనం విరగబడి వస్తారు. సత్రాల్లో గదులు ఎప్పుడో నిండిపోతాయి. మాలాంటి వాళ్ళం ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించుకుని, గడ్డి పరిచి, పైన బరకం కట్టి, గిన్నెలూ బియ్యమూ పిల్లలూ అన్నీ అందులో వేసుకుని పోయి, ఏటి ఒడ్డునో ఎవరి ఖాళీ చేలోనో దిగుతాం. రెండు రాత్రులు, ఒక్కోసారి మూడు.

మా నాయనమ్మ కాలంలో ఇదే ప్రయాణం గూడుబండి మీద జరిగేది. నేను కళ్ళారా ఎక్కింది తక్కువే, ఆవిడ చెబితే విన్నదే ఎక్కువ. వెదురు దబ్బలు వంచి, పైన చాపలు కప్పి కట్టిన గూడు. ముందూ వెనకా దుప్పటి వేలాడదీస్తే అదే గది. బాలింతరాలు బిడ్డకు పాలివ్వాలన్నా, తడిచీర మార్చుకోవాలన్నా అందులోకే వెళ్ళేవాళ్ళు. మగవాళ్ళు బండి కింద గడ్డి మీద పడుకునేవాళ్ళు. అంటే గూడు ఆడవాళ్ళది, నేల మగవాళ్ళది. బండి పోయి ట్రాక్టరొచ్చింది. వేగం వచ్చింది, వెడల్పు వచ్చింది, గూడు మాత్రం పోయింది. పోయిందన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు, ఎందుకంటే దాని అవసరం ఉన్నవాళ్ళు నోరెత్తలేదు.

ఇప్పుడు ఆ గూడు స్థానంలో ఏం కొంటున్నారో చూడండి. ఫోనులో బొమ్మ చూసి, "నలుగురికి సరిపోయేది" అని రాసి ఉంటే చాలు, తెప్పించేస్తారు. గిరాటేస్తే గొడుగులా విచ్చుకునేది ఒకటి, రెండు కడ్డీలు దోపి బోర్లించిన బొచ్చెలా నిలబెట్టేది ఒకటి. ఈ నలుగురి లెక్క ఏమిటో అమ్మేవాళ్ళు మనకు విప్పి చెప్పరు. నలుగురు భుజాలు ఆనించుకుని బోర్లా వెల్లకిలా పడుకుంటే పట్టే లెక్క అది. నలుగురు కూర్చుని అన్నం తినే లెక్క కాదు. మధ్యలో ఎత్తు నాలుగు, మహా అయితే నాలుగున్నర అడుగులు. పక్కలకు పోయేకొద్దీ అదీ ఉండదు.

ఆ ఎత్తులో అయిదున్నర మీటర్ల చీర కట్టుకుని చూపించమనండి ఎవరినైనా! కుచ్చిళ్ళు పోయాలంటే నిలబడాలి. మడతలు సరిచేసుకోవాలంటే చేతులు చాచాలి. ప్యాంటూ చొక్కా అయితే కూర్చుని, పడుకుని, దొర్లి ఎలాగోలా వేసుకోవచ్చు. అందుకే కొన్నవాళ్ళకు ఎత్తు సంగతి తట్టదు. మునేట్లో స్నానం చేసి తడిబట్టలతో వచ్చిన ఆడది ఇంత డేరా ఉండగా ట్రక్కు వెనక చక్రం పక్కన, వదిన ఒక కొసా తోటికోడలు ఒక కొసా దుప్పటి పట్టుకుంటే ఆ చాటున చీర మార్చుకోవడం మీరు చూడలేదా? ఏటా చూస్తున్నాం. దుప్పటి పట్టుకున్న ఇద్దరూ తల పక్కకు తిప్పి, వచ్చేపోయేవాళ్ళను కాపు కాస్తూ నిలబడతారు. డబ్బు పెట్టి కొన్న డేరాలో మాత్రం మా చిన్నబావగారు మధ్యాహ్నం గుర్రు పెడుతుంటారు.

ఇక దోమలు. డేరా కొన్నది దోమల కోసమేగా అంటారు. సరే, ఆ లెక్కే చూద్దాం. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందన్న రహస్యం రొనాల్డ్ రాస్ పట్టుకున్నది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఆ దోమ, అంటే అనాఫిలిస్, రాత్రిపూట కుడుతుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ కూడా రాత్రిదే. కానీ డెంగ్యూ తెచ్చే ఏడిస్ అలా కాదు. పగలు కుడుతుంది, అందులోనూ పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలే ముందు ఒకసారి బాగా చెలరేగుతుంది. పొద్దున్నే మనం ఏం చేస్తుంటాం? పిల్లలకు స్నానాలు చేయించి పొంగలికి పాలు పెడుతుంటాం. పొద్దు వాలే ముందు? కూరగాయలు తరుగుతుంటాం. మోకాళ్ళ దాకా చీర ఎగదోపి, రెండు చేతులకూ పని పెట్టుకుని, కుట్టిన దోమను కొట్టడానికి కూడా చెయ్యి ఖాళీ లేకుండా. పడుకోవడానికి మాత్రమే తెర కట్టుకుంటే సగం దోమలకే కట్టుకున్నట్టు.

మాఘంలో డెంగ్యూ ఏమిటి, అది వానల తర్వాత వచ్చేది కదా అని మా ఆడపడుచు అంది. ఎక్కువగా వచ్చేది అప్పుడే, కాదనను. అయితే మాఘానికి మునేరు పాయలు పాయలుగా చీలి, ఇసుకలో మడుగులు నిలిచి ఉంటాయి, దోమలకు కొదవుండదు. పైగా దోమ కుట్టాక జ్వరం నాలుగు రోజుల నుంచి పది రోజుల లోపు బయటపడుతుంది. అప్పటికి ఇల్లు చేరి, బట్టలు ఉతికి, గిన్నెలు తోమి అటకెక్కించేసి ఉంటాం. ఆ జ్వరానికీ తిరునాళ్ళకూ లంకె పెట్టేదెవరు? "తిరుగుడెక్కువై ఒళ్ళు వెచ్చబడింది" అనుకుని బిళ్ళ మింగి పొయ్యి దగ్గరకు పోతాం.

దోమ ఒక్కటే అయితే ఇంత రాయను. ఈగల మాటేమిటి? బెల్లం దంచుతున్న చోట, పాలు కాస్తున్న చోట, నెలల పిల్ల మూతి చుట్టూ ముసిరే ఈగలు పగటివి. రాత్రి డేరా వాటినేం చేస్తుంది?

మా పెదనాన్న మనవరాలు డల్లాస్‌లో ఉంటుంది. వాళ్ళు కారు వెనక తగిలించుకునే చిన్న బండి ఇల్లు ఒకటి కొనుక్కున్నారు, సెలవులకు చెరువుల పక్కన దిగుతారు. పోయిన వేసవిలో ఫొటోలు పంపింది. బండి పక్కన ఆరు పలకల పెద్ద తెర గుడారం, లోపల బల్ల, కుర్చీలు, పిల్లలు అన్నం తింటున్నారు. "ఇందులో పడుకుంటారా అమ్మాయ్?" అని అడిగితే నవ్వింది. "పడుకోడానికి బండి ఉందిగా పిన్నీ, ఇది మెలకువగా ఉన్నప్పటికి" అంది. నేల గుడ్డ కూడా ఉండదట. మనిషి నిలబడి తిరిగేంత ఎత్తు, చుట్టూ తెర, పైన కప్పు, అంతే.

చూశారా! ఆ తెర గుడారం పుట్టిందే కూర్చోవడానికి, వండింది వడ్డించుకోవడానికి, పిల్లల్ని ఆడించుకోవడానికి. మనదాకా వచ్చేసరికి పడక దోమతెర అయి కూర్చుంది. పడుకోవడానికి మనకు మాత్రం ట్రక్కు లేదా? గడ్డి పరిచి ఉంది, పైన బరకం ఉంది, నాలుగు మూలలా నాలుగు కర్రలు కట్టి మంచం దోమతెరలు వేలాడదీస్తే ఆరుగురు సుఖంగా పడుకోవచ్చు. నేల మీది డేరా పగటికి వదలండి.

అందుకని కొనేటప్పుడు ఏం చూడాలో మనకు పనికొచ్చే లెక్కలో చెబుతాను. ఇంట్లో అందరికంటే పొడుగు ఆడమనిషిని నిలబెట్టి చేతులు పైకి చాపమనండి. చేతులు కప్పుకు తగలకపోతే అది డేరా. మా ఇంట్లో ఆ లెక్కకు ఆరున్నర అడుగులు దాటింది. తర్వాత తెర. స్కేలు తీసుకెళ్ళి అంగుళంలో కన్నాలు లెక్కపెట్టండి. సిగ్గుపడకండి, చీర అంచులో పోగులు లెక్కపెట్టి మరీ కొంటాం కదా. అడ్డంగా పన్నెండు, నిలువుగా పదమూడు, అంటే చదరపు అంగుళానికి 156 దాకా ఉండాలి. దోమతెరలకు చెప్పే లెక్క అదే. అంతకంటే మరీ బిగువుగా ఉంటే ఇంకా చిన్న పురుగులు కూడా ఆగుతాయి గానీ గాలి ఆడదు, మధ్యాహ్నానికి ఉడికిపోతారు. రంగు నల్లదయితే లోపలి నుంచి బయటకు బాగా కనిపిస్తుంది, ఏటి వైపు పరుగెత్తే పిల్లల మీద కన్ను వేసి ఉంచవచ్చు. తెల్లదానికి ఎండ పడితే కళ్ళు జిగేల్మంటాయి.

తెర గురించి ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. పగలు లోపల నీడ, బయట వెలుగు కాబట్టి బయటివాళ్ళకు లోపల ఉన్నవాళ్ళు సరిగా కనిపించరు. చీకటి పడి లోపల లైటు వేశారో, మొత్తం తారుమారు. మీకు బయట ఏమీ కనిపించదు, బయటివాళ్ళకు మీరు తెర మీద బొమ్మ. అమ్మేవాళ్ళ ఫొటోలన్నీ పగటివే గనక ఇది తెలియదు. కాబట్టి తెరకు లోపలి వైపు కనీసం నాలుగడుగుల ఎత్తున దించుకునే గుడ్డలు ఉండాలి. ఒక మూల నిలువునా గుడ్డ కట్టి చిన్న అర విడదీసుకోవాలి. బట్టలు మార్చుకోవడానికి, పాలివ్వడానికి, నడిమధ్యలో నెలసరి వచ్చిన పిల్ల బిక్కమొహం వేసుకోకుండా ఉండటానికి. ఈ చివరి మాట డేరా అమ్మేచోట ఎవరైనా పైకి అనగలరా? అనలేరు గనకనే అది ఏ డేరాలోనూ ఉండదు.

మేం పోయిన ఏడాది మొత్తానికి కుట్టించుకున్నాం. పది అడుగులకు పది అడుగులు, ఆరున్నర ఎత్తు. చుట్టుకొలత నలభై అడుగులు, అంటే పన్నెండు మీటర్ల పైచిలుకు. గుమ్మం దగ్గర ఒకదాని మీదికొకటి వచ్చేలా రెండేసి అడుగులు ఎక్కువ వదిలాం. జిప్పులు పెట్టించలేదు. ఇసుక పడి నాలుగో గంటకే పట్టేస్తాయవి, పైగా రెండు చేతుల్లో గిన్నెలతో జిప్పు తీసేదెలా? కింద ఒక అడుగు గుడ్డ నేల మీద పరుచుకునేలా వదిలి దాని మీద ఇసుక పోశాం, అంచు కింద నుంచి ఏదీ దూరలేదు. లోపల దించుకునే గుడ్డలకు మా అత్తయ్య పాత నేత చీరలు. కప్పుకు ట్రక్కు మీద కట్టే బరకమే, మాఘపు మంచు కురిసినా తల తడవలేదు. జగ్గయ్యపేటలో తెలిసిన టైలరు రెండు రోజుల్లో కుట్టి ఇచ్చాడు, అంతకుముందు ఏడాది మా ఇంట్లో తెప్పించిన మరుగుజ్జు డేరా ధరలో సగం కూడా కాలేదు. ఆ డేరా కడ్డీ మొదటి తిరునాళ్ళకే విరిగితే, అమ్మిన కొట్టువాడు పక్కకు తిరిగి వేరే బేరం చూసుకున్నాడు. ఎనిమిది వెదురు కర్రలకు ఆ బాధ లేదు, విరిగితే ఇంకొకటి.

ఇసుకలో మేకులు నిలవవు. ఎంత లోతుకు కొట్టినా గాలి ఒక ఊపు ఊపితే లేచి వస్తాయి. ఖాళీ బియ్యం సంచుల్లో ఇసుక నింపి, మూతి కట్టి, మోకాలి లోతున పాతిపెట్టి దానికి తాడు కట్టాలి. నల్లరేగడి చేలో దిగితే మేకు చాలు. ట్రక్కునే ఒక గోడగా చేసుకుని తెర దానికి కడదామంటారు కొందరు. కట్టండి, కర్రలు కలిసొస్తాయి. కానీ ట్రక్కు కింద చక్రాల మధ్య అంత ఖాళీ ఉంటుంది కదా, అటు నేల దాకా గుడ్డ దించకపోతే మూడు గోడల ఇల్లే.

ఒక్క విషయంలో మాత్రం మగవాళ్ళు చెప్పినా మనవాళ్ళు చెప్పినా వినకండి: పొయ్యి తెర లోపల పెట్టకూడదు. గాలికి మంట ఆరుతోందనో, ఈగలు ముసురుతున్నాయనో లోపలికి జరుపుతారు. నైలాను తెర అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా ఒంటి మీద పడుతుంది, పైన బరకం కూడా అంతే. బొగ్గుల కుంపటి అయితే మంట కనపడకుండానే విషపు గాలి వదులుతుంది. పొయ్యి పది అడుగుల అవతల, గాలి డేరా నుంచి పొయ్యి వైపు వీచే దిక్కున. తరగడం, కలపడం, వడ్డించడం లోపల. వండిన గిన్నె మూతపెట్టి లోపలికి తెచ్చుకోవడం, అంతే.

ఇప్పుడు అసలు తగవుకు వస్తాను. "రెండు రోజుల భాగ్యానికి మేడ కట్టమంటావా ఏంటమ్మా?" అన్నారు మా పెద్దబావగారు. మేడ కాదు బావగారూ, నిలబడటానికి చోటు అన్నాను. మా అత్తయ్య ఆయన పక్షం. "మేం ఇవన్నీ ఉండే వెళ్ళొచ్చామా? సర్దుకోలేదూ?" అంటారు. ఆవిడ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆవిడ సర్దుకున్నది నాకు తెలుసు. సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేసి సర్దుకున్నారు, చీకట్లో లేవాల్సి వస్తుందని. తడిచీర ఒంటి మీదే ఆరబెట్టుకుని సర్దుకున్నారు. ఆ తర్వాత ఒంట్లో బాగోలేక మూలుగుతుంటే అడిగినవాళ్ళెవరు? సర్దుకున్నవాళ్ళ కష్టం లెక్కలోకి రాదు గనక అది సుఖంగా జరిగిపోయినట్టు కనిపిస్తుంది.

అసలు మనం ఎవరి తిరునాళ్ళకు పోతున్నాం? తిరుపతమ్మ కథ పెద్దలు చెప్పగా విననిదెవరు? అత్తింట్లో ఆరళ్ళు పడి, జబ్బు చేస్తే గొడ్లచావిట్లో పడేస్తే అక్కడ రోజులు గడిపిన ఇల్లాలు ఆమె. ఆ ఇల్లాలికి చీరా సారే పెట్టి, పసుపు రాసి, పొంగలి వండి, ఆ పక్కనే మన ఇంటి కోడల్ని ట్రక్కు చక్రం చాటున నిలబెడుతున్నాం. తల్లి విగ్రహాలకు రంగులు వేయించాలంటే జగ్గయ్యపేటకు ఎంత వైభవంగా ఊరేగించి తీసుకొస్తారో మనకు తెలుసు. దారి పొడవునా నీళ్ళు పోసి హారతులిస్తాం. ఇంట్లో మనిషికి ఆరున్నర అడుగుల గుడ్డ దగ్గర మాత్రం ఖర్చు గుర్తొస్తుంది.

డబ్బు లేక కాదు. రెండు రోజులకు సౌండు బాక్సులు అద్దెకు తెస్తారు. ట్రక్కుకు రంగు కాగితాలూ సీరియల్ లైట్లూ కడతారు. వాటికి ఎప్పుడూ "రెండు రోజుల భాగ్యానికి" అనే మాట రాలేదు, మీరే గుర్తు చేసుకోండి.

పేదవాళ్ళ మాటేమిటని ఒక స్నేహితురాలు అడిగింది. నెత్తిన మూటతో నడిచొచ్చి చెట్టు కింద దిగేవాళ్ళున్నారు, నిజమే. అందుకే నేను కొనమనడం కంటే కుట్టించమంటున్నాను. నాలుగు కుటుంబాలు కలిస్తే ఒక తెర చాలు, వంతులవారీగా వాడుకోవచ్చు. మా పక్కన దిగిన సూర్యాపేట వైపు వాళ్ళింటి బాలింతరాలు పోయినసారి మా తెరలోనే బిడ్డకు పాలిచ్చింది. సాయంత్రానికి ఆ వరసలో దిగిన ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి, "అక్కా, ఒక్క అయిదు నిమిషాలు" అని అడిగి లోపలికి వెళ్ళి చీర మార్చుకుని పోయారు. ఎందరో నేను లెక్కపెట్టలేదు. అంతమందికి అదే అవసరం ఉంది, ఒక్కరి ఇంట్లోనూ అది వస్తువుల జాబితాలోకి ఎక్కలేదు.

ఇది తిరునాళ్ళతో అయిపోయేదీ కాదు. వేదాద్రి నరసింహస్వామి దగ్గర కృష్ణ ఒడ్డున నిద్ర చేసేవాళ్ళున్నారు. 2028లో కృష్ణా పుష్కరాలు మళ్ళీ వస్తున్నాయి. పోయినసారి 2016లో ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి. ఆగస్టంటే వానలు, నీళ్ళు నిలవడం, పగటి దోమ. వేదాద్రికీ ముక్త్యాలకూ ట్రక్కులు కట్టుకుని వచ్చే చుట్టాలందరూ దిగేది మన జగ్గయ్యపేట ఇళ్ళలోనే. అప్పటికి హడావిడిగా ఫోనులో బొమ్మలు చూసి కొనకుండా, ఇప్పుడే తీరిగ్గా కొలతలు రాసి పెట్టుకోండి.

ఈ ఏడు మా ఇంట్లో తగవు కర్రల దగ్గర ఆగింది. ఎనిమిది వెదురు కర్రలకు ట్రక్కులో చోటు లేదంటున్నారు మా పెద్దబావగారు. ఆయన ఏటా తెచ్చుకునే నవారు మంచం దించితే పదహారు కర్రలకు చోటుంటుందని నేను కొలిచి చూపించాను. ఆలోచిస్తానన్నారు.